పార్శిల్లో వచ్చే తామర, కలువ మొక్కలు: కొనుగోలు, పెంపకం

పెరటి కొలనుకూ మేడమీది తొట్టికీ కావలసిన తామర దుంపలు, కలువ మొక్కలు కొరియర్‌లో తెప్పించుకునే వీలుంది. కేరళలో ఇంటి పట్టునే వీటిని పెంచి దేశమంతటికీ పంపే వారు పలువురు ఉన్నారు. పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో లాటూర్-మార్లియాక్ 1875లో స్థాపించిన నర్సరీ సంకర కలువలను కేటలాగు ద్వారా అమ్మేది. చిత్రకారుడు క్లోడ్ మొనే తన జివెర్నీ కొలనుకు మొక్కలు అక్కడినుంచే తెప్పించుకున్నాడు.

తామర, కలువ వేర్వేరు జాతులు. తామర ఆకు నీటిపైకి లేచి గొడుగులా నిలుస్తుంది, దాని మీద నీటిబొట్టు నిలవదు. కలువ ఆకు నీటిమీదే పరుచుకుంటుంది, దానికి ఒకవైపు చీలిక ఉంటుంది. నీలం రంగు తామర ప్రకృతిలో లేదు. నీలి పూలు కలువల్లోనే ఉంటాయి కాబట్టి ‘నీలి తామర విత్తనాలు’ అనే ప్రకటనలను నమ్మకూడదు. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లి రకాన్ని పోలి ఉంటుందన్న భరోసా కూడా లేదు. కోరిన రకమే కావాలంటే దుంపే కొనాలి.

తామర దుంప ప్రాణమంతా దాని మొనలో ఉంటుంది. పార్శిల్ విప్పగానే తడి కాగితాన్ని మెల్లగా తీసి చూస్తే మంచి దుంప గట్టిగా, లేత పసుపు మొలకతో కనిపిస్తుంది. మెత్తబడినా, కుళ్లు వాసన వచ్చినా అది పనికిరాదు. ఉన్న మొనలన్నీ విరిగితే దుంప ఇక సాగడం కష్టం. అందుకే కొనేముందు మొన ఫొటో అడగడం మేలు. కలువ మొక్కల పాత ఆకులు ప్రయాణంలో పసుపు రంగుకు తిరగడం మామూలే. మొదలు గట్టిగా ఉంటే కొత్త ఆకులు వస్తాయి.

తొట్టి అడుగున రంధ్రం ఉండకూడదు. మూలలున్న తొట్టిలో పాకే మొన ఇరుక్కుంటుంది కనుక తామరకు గుండ్రనిదే మంచిది. నర్సరీల్లో దొరికే కొబ్బరిపొట్టు మిశ్రమం నీటిపై తేలిపోతుంది, కుళ్లితే నీరూ పాడవుతుంది. చెరువు మట్టి లాంటి బంకమట్టే వాడాలి. అడుగున బాగా మాగిన పశువుల ఎరువు కొద్దిగా వేసి మట్టితో పూర్తిగా కప్పాలి. దుంపను అడ్డంగా, అంచు వెంబడి పడుకోబెట్టి మొనను మాత్రం మట్టిపైకి ఉంచాలి. మొదట మట్టిపైన 5 నుంచి 7 సెంటీమీటర్ల నీరు చాలు. ఆకులు లేచేకొద్దీ నీటిమట్టం పెంచాలి. కలువ మొదలును కూడా మట్టిలో పూడ్చకూడదు.

రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడకపోతే ఆకులే తప్ప పూలు రావు. తామరకు నీటిపైకి లేచిన ఆకులు రెండు మూడు వచ్చాకే రసాయన ఎరువు వేయాలి. అంతకుముందు వేస్తే లేత వేళ్లు మాడిపోతాయి. కొద్దిపాటి డీఏపీని కాగితంలో పొట్లం కట్టి, వేళ్లకు దూరంగా మట్టిలోకి లోతుగా దోపుతారు. నీటిలో చల్లితే మొక్కకన్నా ముందు నాచు పెరుగుతుంది. దోమలు గుడ్లు పెట్టకుండా ఆపలేకపోయినా, నాలుగైదు గప్పీ చేపలు పిల్ల పురుగులను తినేస్తాయి.

గుర్రపుడెక్కను మాత్రం ఎంత అందంగా పూసినా కొనకూడదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క ఇక్కడి చెరువులను, కాలువలను కమ్మేస్తోంది. తొట్టిలో అంతరతామర లాంటి నీటిపై తేలే మొక్కలు ఎక్కువైనా చెరువులోనో మురుగు కాలువలోనో పారేయకుండా, ఎండబెట్టి కంపోస్టులో కలిపేయాలి.