ఇంజను ఆయిలు కారడం

ఇంజను ఆయిలు కారడం అనగా కారు ఇంజనులోని కందెన నూనె పాతబడిన గాస్కెట్లు, సీళ్ళు, వదులైన డ్రెయిన్ ప్లగ్గు లేదా ఆయిల్ ఫిల్టరు గుండా బయటకు రావడం. ఆయిలు బాగా తగ్గితే లోపలి భాగాలు ఒరుసుకొని, వేడెక్కి, ఇంజను పట్టేస్తుంది.

గుర్తులు

* నిలిపిన కారు కింద గోధుమ లేదా నలుపు రంగు జిడ్డు మరక. రాత్రి కారు కింద అట్టముక్క పరచి ఉంచితే ఉదయానికి మరక తెలుస్తుంది. ఏ.సి. నుండి కారేది జిడ్డులేని నీరు. ఆకుపచ్చ లేదా గులాబీ రంగు ద్రవం సాధారణంగా కూలెంటు. చక్రం వద్ద లేత పసుపు ద్రవం కనిపిస్తే అది బ్రేకు ఆయిలు కావచ్చు. అప్పుడు కారు నడపరాదు.
* వేడి పొగగొట్టంపై ఆయిలు పడి కాలిన వాసన, పొగ రావడం.
* డిప్‌స్టిక్‌పై మట్టం తరచుగా తగ్గడం. మరక లేకుండా మట్టం తగ్గుతూ నీలిపొగ వస్తుంటే, ఆయిలు ఇంజను లోపలే కాలుతున్నదని భావించాలి.

ఘాట్ రోడ్డులో

చిత్తూరు - పలమనేరు మార్గంలోని మొగిలి ఘాట్ వంటి ఎగువదారిలో ఇంజనుపై భారం పెరుగుతుంది. ఆయిలు తక్కువగా ఉంటే వాలులో అది ఒక పక్కకు చేరి, పంపుకు అందకపోవచ్చు. అందుచేత ఘాట్ ఎక్కకముందే, చదునైన నేలపై ఇంజను ఆపి, కొన్ని నిమిషాల తరువాత మట్టం చూడాలి. ఎర్రని ఆయిల్ దీపం పీడనం పడిపోయిన తరువాతే వెలుగుతుంది. అది తొలి గుర్తు కాదు, చివరి హెచ్చరిక. వెలిగిన వెంటనే కారును సురక్షితంగా పక్కకు తీసి ఇంజను ఆపాలి.