బండికి తగిలించే ముందు

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న పేరు దానిదే. కానీ ఈ ఊరి గొప్పతనం చూడాలంటే ప్లాట్‌ఫాం మీద కాదు, డీజిల్ షెడ్‌లో చూడాలి. విప్పి బిగించిన ఇంజిన్‌ని కొలతలు తేలకుండా బండికి తగిలించకూడదన్న పట్టుదల అక్కడిది.

ఆ పనిలో తెలుగువాళ్ల చేతులు చాలా ఉన్నాయి. 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తూర్పు తీరపు మార్గంలో ఉత్తర భాగాన్ని తీసుకోవడంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి జనం ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా రైలెక్కి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు చేసిన సమ్మె దేశమంతా మారుమోగింది. ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనక ఉన్నది ముఖ్యంగా ఈ ఊరి తెలుగువాళ్లే.

ఇక షెడ్‌లో విప్పి బిగించే ఆ ఇంజిన్ల నెత్తిన ఉండే టర్బో సంగతి. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి గాలితో ఒక చక్రాన్ని తిప్పి, దాని బలంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవర్లే కొర్వేర్ టర్బో కార్లు అమ్మకానికి వచ్చాయి. సరిగ్గా అదే ఏడాది ఆల్కో కంపెనీ నుంచి మన దేశానికి డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్లు దిగాయి. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, నెత్తిన టర్బో. 1964 నుంచి వారణాసిలోనే తయారయ్యాయి.

రైల్వే వాటితో సరిపెట్టుకోలేదు. అదే ఇంజిన్‌కి మెరుగైన టర్బో, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే పెద్ద ఆఫ్టర్‌కూలర్ బిగించి, 15 మిల్లీమీటర్ల ఫ్యూయల్ పంపుల చోట 17 మిల్లీమీటర్లవి పెట్టి 3,100 హార్స్‌పవర్ రాబట్టింది. అదే డబ్ల్యూడీఎం-3ఏ. కారు షోకు ఉన్న కుర్రాళ్లు ఇప్పుడు చేయిస్తున్న మార్పులు కూడా దాదాపు ఇవే. ఒక చిన్న లెక్క చూడండి. పంపు ప్లంజరు వ్యాసం 15 నుంచి 17 మిల్లీమీటర్లకు పెరిగితే దాని వైశాల్యం 28 శాతం పెరుగుతుంది. అంటే పాత సెట్టింగు అలాగే ఉంచితే అంతే శాతం ఎక్కువ డీజిల్ సిలిండర్లో పడుతుంది. కావాల్సిన బలం పెరిగింది మాత్రం 19 శాతమే. మిగతాది నల్లటి పొగ, వేడెక్కిన వాల్వులు, కాలిపోయే టర్బో రెక్కలు. పెట్రోలు కారుకి ప్రమాదం ఎక్కువగా ఇటునుంచి కాదు, అటునుంచి: గాలి పెరిగి పెట్రోలు చాలకపోతే సిలిండర్లో మిశ్రమం దానంతటదే పేలి పిస్టన్లు కరుగుతాయి.

ఇంధనం, గాలి లెక్క తప్పకూడదు కాబట్టే షెడ్‌లో లోడ్ బాక్స్ పరీక్ష. ఇంజిన్ అంగుళం కదలదు. జనరేటర్ ఇచ్చే కరెంటును మోటార్లకు పంపకుండా లోడ్ బాక్స్‌కి మళ్లిస్తారు. వెనకటి పద్ధతిలో అది ఒట్టి నీళ్ల తొట్టె. ఇనుప పలకల్ని లోతుగా దించేకొద్దీ ఇంజిన్ మీద భారం పెరుగుతుంది, తొట్టెలో నీళ్లు మరుగుతాయి. నాచ్ (థ్రాటిల్ మెట్టు) తర్వాత నాచ్ పెంచుతూ ఎనిమిదో నాచ్ దాకా వెళ్తారు. వోల్టులు, ఆంపియర్లు, బూస్టర్ గాలి ఒత్తిడి, ఫ్యూయల్ ర్యాక్ ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందీ రాసుకుంటారు. లెక్క కుదరకపోతే మళ్లీ ఇంధనాన్ని అదుపుచేసే గవర్నర్ దగ్గరికి, మళ్లీ పానా పట్టడం.

టర్బోకి విడిగా ఇంకో పరీక్ష ఉంది. నాలుగో నాచ్‌లో నడుస్తున్న ఇంజిన్‌ని ఆపేస్తారు. ఇంజిన్ ఆగినా టర్బో తన ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. అది ఎంతసేపు తిరుగుతుందో పొగగొట్టంలోంచి గమనిస్తూ గడియారం పట్టుకుని లెక్కిస్తారు. 90 నుంచి 180 సెకన్ల మధ్య ఆగితే మంచిదే. అంతకన్నా ముందే ఆగిందా, బేరింగులు పట్టేస్తున్నట్టే. నిజంగా మెచ్చుకోదగ్గ పద్ధతి ఇది. ఏ ఖరీదైన పరికరమూ లేకుండా, కంటితో, గడియారంతో జరిగిపోతుంది.

కార్ల ట్యూనింగులో వాడే డైనో కూడా లోడ్ బాక్స్ చేసే పనే చేస్తుంది: బండి ముందుకు పోకుండానే దానికి పని చెప్పడం. ట్యూన్ కాని టర్బో కారుని అక్కడిదాకా ట్రైలర్ మీద తీసుకెళ్లడమే మేలు. తప్పనిసరై నడపాల్సొస్తే ఆ మార్పులకు తగ్గ తాత్కాలిక ఇంధన మ్యాప్ ఇంజిన్ కంప్యూటర్లో ముందుగా వేయించి, బూస్ట్ లేవనివ్వకుండా, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి పోవాలి. కొత్త రింగులు వేసిన ఆల్కో ఇంజిన్‌ని షెడ్‌వాళ్లు కింది నాచ్‌లలోనే తిప్పుతూ క్రమంగా పైకి తెచ్చేది కూడా ఇలాంటి జాగ్రత్తతోనే.