డీజిల్ బండి బలం: పానా నుంచి ల్యాప్‌టాప్ వరకు

యంత్రాల చరిత్ర అనగానే మీకు కనిపెట్టినవారి పేర్లే గుర్తుకు వస్తాయి. వాడేవారు చేసిన మార్పులు కూడా చరిత్రలో భాగమే.

డీజిల్ ఇంజన్ బలం పెరగాలంటే ఇంధనం పెంచాలి, దాన్ని కాల్చే గాలి కూడా పెంచాలి. బయటికి పోయే పొగతోనే టర్బైన్ తిప్పి, గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపేది టర్బో. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందాడు.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నాటికి మన డీజిల్ పికప్‌లలో ఇంధన పంపు యాంత్రికమైనదే. ఎక్కువ బరువుతో ఎత్తు ఎక్కాలనుకున్న యజమాని మెకానిక్ దగ్గరికి వెళ్లేవాడు. పంపు స్క్రూ కాస్త తిప్పితే ఇంధనం పెరిగేది. దానికి తగిన గాలి లేకపోతే నల్లపొగ వచ్చేది, ఇంజన్ వేడెక్కేది. అతి చేస్తే పిస్టన్లే కరిగేవి. కిస్తీలు తీరని బండికి అది చిన్న నష్టం కాదు.

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి. పొగను కట్టడి చేయాలంటే ఇంధనాన్ని క్షణక్షణం కొలవాలి. ఆ పని ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌కు అప్పగించారు. దానితో మెకానిక్ చేతిలోకి పానాకు బదులు ల్యాప్‌టాప్ వచ్చింది. ఈసీయూలోని లెక్కలు మార్చడాన్ని రీమ్యాప్ అంటారు. ఇలాంటి లెక్కలు రాయడం ఐటీ కారిడార్‌లో గౌరవప్రదమైన ఉద్యోగం, షెడ్డులో మాత్రం అనుమానించదగిన పని! నాకు ఇది కొంత అన్యాయంగానే తోస్తుంది.

అయితే చట్టం స్పష్టంగా ఉంది. నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు.