బ్లర్బ్: ఒక అట్ట బొమ్మ ఇంటిపేరు

పుస్తకం వెనుక అట్ట మీద పాఠకుణ్ణి ఊరించే నాలుగు వాక్యాలను బ్లర్బ్ అంటాం. ఈ మాటకు లాటిన్, గ్రీకు మూలాలేవీ లేవు. 1907లో అమెరికా పుస్తక విక్రేతల విందులో పంచడానికి జెలెట్ బర్జెస్ అనే రచయిత తన చిన్న పుస్తకానికి ప్రత్యేకంగా ఒక అట్ట వేయించాడు. దాని మీద నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని కేకేస్తున్న ఓ అమ్మాయి, మిస్ బెలిండా బ్లర్బ్. పుస్తకాలను ఆకాశానికెత్తే ప్రకటనలను వెక్కిరించడానికే ఆ బొమ్మ. చివరికి ఆమె ఇంటిపేరే ఆ ప్రకటనలకు పేరైంది.

ఇదే బర్జెస్ 1912లో 'ది మాస్టర్ ఆఫ్ మిస్టరీస్' అనే డిటెక్టివ్ కథల సంపుటిని తన పేరు లేకుండా వెలువరించాడు. అందులోని 24 కథల మొదటి అక్షరాలను వరసగా కలిపితే రచయిత ఎవరో తెలిసిపోతుంది! ఆనవాళ్లు కళ్లముందే పెట్టి అసలు గుట్టు దాచడం: డిటెక్టివ్ నవల బ్లర్బ్‌కి కావలసిన ఒడుపు అదే. శవం ఎక్కడ దొరికిందో చెప్పాలి, అనుమానం ఎవరెవరి మీదో సూచించాలి, హంతకుడి వాసన మాత్రం తగలనివ్వకూడదు. "చివరి మలుపు నివ్వెరపరుస్తుంది" అని రాసినా నష్టమే, పాఠకుడు మొదటి పేజీ నుంచే ఆ మలుపు కోసం కాచుకుంటాడు. వెనుక అట్ట రాసేవారికి నా విన్నపం: మొదటి కొన్ని అధ్యాయాలు దాటిన కథను ఒక్క ముక్క కూడా బయటపెట్టకండి.