గోడ నిలిచింది, తోట చేతులు మారింది



పరిశుద్ధ గ్రంథంలో ద్రాక్షతోట ప్రస్తావన వచ్చినచోట తరచుగా చుట్టూ గోడ, లోపల గానుగ, అందులో పనివారు కూడా కనబడతారు. ఈ మూడూ ఉన్న ఒక తోట చరిత్రను నేడు మీ ముందు ఉంచుతున్నాను. ఫ్రాన్సు దేశంలోని బర్గండీ ప్రాంతంలో, దిజోన్ పట్టణానికి దక్షిణాన ఉన్న ఆ తోట పేరు క్లో ద వూజో. ‘క్లో’ అంటే గోడ కట్టిన తోట అని అర్థం.

1098వ సంవత్సరంలో మొలేమ్ మఠాధిపతియైన రాబర్ట్, కొందరు సన్యాసులతో కలిసి తన మఠాన్ని విడిచి వెళ్లాడు. ఎందుకు? అక్కడ కానుకలు పెరిగాయి, కాయకష్టం తగ్గింది. పేదరికంలో, తమ చేతులతో కష్టపడుతూ దేవుని వెదకాలని వారు సీతో అనే చిత్తడి అడవిలో కొత్త మఠం కట్టుకున్నారు. వారే సిస్టర్షియన్లు. అయితే ఆరాధనకు ద్రాక్షారసం కావాలి, ఆ చిత్తడి నేల ద్రాక్షకు తగినది కాదు. అందుచేత 12వ శతాబ్దపు ఆరంభంలోనే వూజో కొండవాలున భూమి సంపాదించసాగారు. కొంత దానంగా వచ్చింది, కొంత కొన్నారు. 1336 నాటికి సుమారు 125 ఎకరాల చుట్టూ రాతిగోడ పూర్తయింది.

ఆ వాలు పైభాగంలో సున్నపురాయి నేల. వాన నీరు త్వరగా ఇంకిపోతుంది. కింది భాగంలో బంకమన్ను, తేమ నిలుస్తుంది. ఒకే గోడలోపల పండినా పంట ఒకేలా ఉండదు. అక్కడ పండే నల్లద్రాక్ష పేరు పినో న్వార్. దాని పండు నల్లనిదే గాని రసానికి దాదాపు రంగు ఉండదు. నలిగిన తొక్కలతో కలిసి పులిసినప్పుడే ఆ ఎరుపు వస్తుంది. సన్యాసుల కాలపు పెద్ద కొయ్య గానుగలు నేటికీ అక్కడ ఉన్నాయి. త్రాగుడును మెచ్చుకోవడానికి ఇది వ్రాయడం లేదు. దానివలన కూలిన కుటుంబాలను మనమెరుగుదుము. ఆ గోడ చెప్పే పాఠం కోసమే వ్రాస్తున్నాను.

సంపదను విడిచి వచ్చినవారి వారసులకు బర్గండీలోని పేరుగాంచిన తోట స్వాస్థ్యమైంది. 1551లో గానుగశాల ప్రక్కనే ఘనమైన భవనం లేచింది. తరువాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1789 నవంబరు 2న జాతీయ సభ సంఘ ఆస్తులను దేశపరం చేసింది. 1791లో తోటను అమ్మివేశారు, సీతో మఠం ఖాళీ అయింది. 1818లో తోట ఊవ్రార్ కుటుంబానికి చేరింది. 1889లో అది పలువురి మధ్య ముక్కలైంది. నేడు దాదాపు 80 మంది యజమానులు. కొందరికి కొద్ది వరుసలే! భవనాన్ని 1944లో ద్రాక్షారస ప్రియుల సంఘమొకటి తీసుకుంది. 2015లో బర్గండీ ద్రాక్షతోటలతోపాటు ఇదీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గోడ మాత్రం అక్కడే ఉంది.

ప్రియులారా, మనం సన్యాస మార్గాన్ని అనుసరించేవారము కాము. అయినా ఒక సంగతి గమనించండి. శత్రువు ఆ గోడ దూకి రాలేదు. గోడలోపలే, ఏ తరానికీ తెలియనంత మెల్లగా, పనివారు యజమానులయ్యారు. మన సంఘాలకు కూడా స్థలాలున్నాయి, ప్రహరీలున్నాయి. వాటిని కాపాడవలసినదే. కాని వాటి పత్రాలకు చూపే జాగ్రత్తలో సగమైనా, అవి ఎందుకు ఇవ్వబడ్డాయో గుర్తుంచుకోవడంలో చూపుతున్నామా?

ఈ చరిత్రకు ఇంకొక పుట ఉంది. 1898లో సన్యాసులు సీతోకు తిరిగి వచ్చారు. తోట తిరిగి రాలేదు. తరువాతి కాలంలో వారు ఆవులను పెంచి, చీజ్ తయారుచేసి, తమ చేతుల కష్టంతో జీవించారు. ఎనిమిది వందల ఏళ్ల క్రితం వారి పితరులు ఆ అడవికి వెళ్లింది అందుకే కదా! ద్రాక్షతోట పోయింది, పిలుపు మిగిలింది. మనకు అప్పగించబడినదానిలో మనం గృహనిర్వాహకులము మాత్రమే. ఆ మాట మరువకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.