పులియని ద్రాక్షరసము

ద్రాక్షపండ్లను పిండి, యా రసమును కుండలో పోసి, మన వేసవిలో రెండు మూడు దినములు మరచినచో, మూత తీయునప్పటికి నురుగు పొంగుచుండును; వాసన మారియుండును. పండు తొక్కమీద కంటికి గానరాక యంటియుండు ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను తిని, దానిని మద్యసారముగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఇందు మనుష్యుడు చేయవలసిన పని యేమియు లేదు, ఊరకుండిన చాలును. మద్యము తనంతట తానగును. పండ్లరసమును పండ్లరసముగ నిలుపుటయే ప్రయాస. విందులలో మద్యమునకు మారుగా ఫలరసములు పోయవలెనని బోధించువారు ఈ సంగతిని తరచుగ విస్మరింతురు.

ఇది నేటి చిక్కు కాదు. వినయపిటకములోని మహావగ్గమున నొక కథ గలదు. ఆపణమను పట్టణమున కేణియుడను జటాధారి బుద్ధునికిని భిక్షుసంఘమునకును పానీయములు సిద్ధపరచి తెచ్చెను. వానిని పుచ్చుకొనవచ్చునా యని భిక్షువులు సంశయించిరి. అప్పుడు బుద్ధుడు ఎనిమిది పానకముల ననుమతించెను. మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష, కలువదుంప అందున్నవి. పిమ్మట ఫలరసములన్నిటిని అనుమతించుచు ధాన్యరసమును మినహాయించెను. పుష్పరసములన్నిటిని అనుమతించుచు ఇప్పపూవు రసమును మినహాయించెను. ధాన్యము ఆహారమగుటచేత, మధ్యాహ్నము దాటిన పిమ్మట భుజింపని భిక్షువులకు నిషిద్ధమై యుండవచ్చును. కాని ఇప్పపూవునకు ఆ హేతువు చాలదు. మన ఏజన్సీ ప్రాంతములలో ఇప్పసారా సంగతి యెరిగినవారికి కారణ మూహించుట కష్టము కాదు. ఇంతకంటె నాకు విలువైనదిగ తోచినది కాలనియమము. ఆ పానకములను మరునాటి యరుణోదయము లోపలనే త్రాగవలెను, పిదప పనికిరావు. భిక్షువు దేనిని కూడబెట్టరాదను వైరాగ్యమే దీనికి మూలమై యుండవచ్చును. అయినను, ఉష్ణదేశమున ఆ నియమము వైరాగ్యముతోపాటు రసమునుగూడ కాపాడినది.

ఒక్క దినము గడువు చాలని పక్షమున ఏమి చేయవలెను? దీనికి సమాధానము విచిత్రమైన దారిని వచ్చినది. ఫ్రాన్సుదేశమున ద్రాక్షసారాయములు చెడిపోవుచుండగా, ఆ నష్టము నివారించుటకై లూయీ పాస్తరు 1860 తరువాతి సంవత్సరములలో పరిశోధనలు చేసెను. సారాయమును 50 మొదలు 60 డిగ్రీల వరకు కొంచెము సేపు వేడిచేసినచో దానిని పాడుచేయు సూక్ష్మజీవులు నశించునని కనుగొని, 1866లో ఆ విషయమై గ్రంథము ప్రకటించెను. ఆయన కాపాడదలచినది మద్యమును. ఆ విద్యనే మద్యము పుట్టకుండ చేయుటకు వినియోగించినవాడు థామస్ వెల్చి యను దంతవైద్యుడు.

వెల్చి నివాసము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందలి వైన్‌లాండు. మద్యవిక్రయమునకు తావీయరాదను సంకల్పముతో స్థాపింపబడిన యూరది, ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. వెల్చి మెథడిస్టు క్రైస్తవుడు, మద్యపానమునకు విరోధి. మద్యము పాపమని బోధించు దేవాలయముననే ప్రభుభోజన సంస్కారమునందు ద్రాక్షసారాయము నిచ్చుట ఆయనకు కంటకమయ్యెను. 1869లో తన యింట కాంకర్డుజాతి ద్రాక్షలను ఉడికించి, వడియగట్టి, సీసాలలో నింపి, బిరడాలు బిగించి, మైనముతో మూసి, ఆ సీసాలను మరగు నీటిలో నుంచెను. లోని ఈస్టు చచ్చినది, రసము పులియలేదు. ఆ సరకునకు ‘పులియని ద్రాక్షసారాయము’ అని పేరు పెట్టి అమ్మజూచెను. దేవాలయముల పెద్దలు అంతగా ఆదరింపలేదు. తరతరముల ఆచారమును ఒక దంతవైద్యుని సీసా కొరకు మార్చుట వారికి రుచింపకపోయెను. కొలది యేండ్లకే వెల్చి ఆ పని విడిచెను. ఆయన కుమారుడు చార్లెసు, అతడును దంతవైద్యుడే, దానిని మరల చేపట్టి, సారాయమను మాటను తొలగించి ద్రాక్షరసమనియే పేరు పెట్టి, 1893లో చికాగో ప్రదర్శనమున జనులకు రుచి చూపించెను. పేరులోనైనను మద్యమును విడిచిన తరువాతనే ఆ రసము తన కాళ్లమీద నిలిచినదని నా తలంపు.

విందుబల్ల మీదికి వచ్చుటకు మాత్రము ఎగతాళిని దాటవలసి వచ్చెను. 1877 మొదలు 1881 వరకు అధ్యక్షుడుగ నుండిన హేయిసు తన భవనమున మద్యము నిలుపుచేసెను. నిర్ణయము ఆయనది, ‘లెమనేడు లూసీ’ యను పరిహాస నామము మాత్రము ఆయన భార్యకు దక్కినది. ఇంటి సంస్కరణలలో నింద ఇల్లాలికే చేరుట మనమెరుగని విషయమా? 1913 ఏప్రిలులో విదేశాంగమంత్రి విలియం జెన్నింగ్సు బ్రయను బ్రిటిషు రాయబారి జేమ్సు బ్రైసునకు వీడ్కోలు విందు చేసెను. అతిథులు కూర్చుండగనే, తామును తన భార్యయు ఎన్నడును మద్యము పోసినవారు కామనియు, పదవి స్వీకరింపకముందే అధ్యక్షుడు విల్సనుతో ఈ విషయము చెప్పితిననియు విన్నవించి, ద్రాక్షరసమును పోయించెను. ఐరోపా పత్రికలు నవ్వినవి. ఆ నవ్వు అటుండగా, ఆయన చేసిన పద్ధతి నాకు నచ్చినది. దాచలేదు; క్షమాపణ కోరలేదు; ముందుగా చెప్పి పోసెను.

1920లో ఆ దేశమంతటను మద్యనిషేధము వచ్చెను. చట్టమునందు ఇంటిలో మత్తుగొలుపని ఫలరసములు చేసికొనుటకు అనుమతి యుండెను. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలు తగ్గుటకు మారుగా పెరిగినవి! ద్రాక్షరసమును గట్టిపరచి ఇటుకలవలె చేసి విక్రయించిరి. నీటిలో కరగించి ఇన్ని దినములుంచరాదు, ఉంచినచో మద్యమగునని దానిపై హెచ్చరిక. హెచ్చరికయా, పాకశాస్త్రమా? 1933లో ఆ నిషేధము రద్దయ్యెను.

మన దేశమున రాజాజీ మంత్రివర్గము 1937లో సేలము జిల్లాలోను, 1938లో చిత్తూరు, కడప జిల్లాలలోను నిషేధము నమలుపరచెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. 1995లో ఆంధ్రప్రదేశమున వచ్చిన సంపూర్ణనిషేధము 1997లో తొలగినది. దూబగుంట స్త్రీలు పోరాడినది కూలిడబ్బు కొరకు, ఇంటి శాంతి కొరకు. వారికి షర్బతు సంగతి చెప్పుట అపహాస్యము. ఫలరసము పోయవలసినది చదువుకున్నవారి విందులలో. అచ్చట మద్యము దారిద్ర్యముతో రాలేదు, మర్యాద పేరిట వచ్చినది. దానికి ప్రతిగా పలుచని రంగునీళ్లు పోసిన అతిథి మనసు విరుగును. మంచి నల్లద్రాక్షను కొంచెము నీటితో సన్నని సెగపై తొక్క చిట్లువరకు ఉడికించి, పిండక, బట్టలో వ్రేలాడదీసి వడియనిచ్చినచో ముదురు రంగుగల తేటరసము దిగును. పిండినచో మడ్డి కలియును. చల్లారిన పిదప నిమ్మరసము, చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు. ఉదయమున చేసిన రసమును సాయంకాలము విందునకు పోయవలెను. శీతలయంత్రము పులియుటను మందగింపజేయునే గాని ఆపజాలదు గనుక, మిగిలినదానిని మరునాడే ముగింపుడు. సీసాకు బిరడా బిగించి అలమరలో పెట్టి మరువకుడు.