గురక మిషను విమానమెక్కిన వైనం

గురక రోగులు రాత్రిపూట తగిలించుకునే సీపాప్ మిషను విప్పి చూస్తే లోపల పెద్ద సరంజామా ఏమీ కనిపించదు. వేగంగా తిరిగే ఒక బుల్లి ఫ్యాను, గాలిని వడకట్టే ఫిల్టరు, ఒత్తిడిని కొలిచే సెన్సరు, వీటిని అదుపులో ఉంచే సర్క్యూటు, అంతే. బయట ఒక పొడవాటి గొట్టం, ముక్కుకి తగిలించుకునే మాస్కు. సిలిండరు లేదు, మందు లేదు. గదిలో ఉన్న గాలినే పీల్చుకుని కాస్త ఒత్తిడితో ముక్కులోకి ఊదుతుంది. ఈ సంగతి తెలియని పక్క సీటాయన "అయ్యో, ఆక్సిజన్ మీద ఉన్నారా?" అని జాలిపడతాడు. రాత్రి విమానాల్లో మాస్కు తగిలించుకునే ప్రతివాళ్లకూ ఈ పరామర్శ తప్పదు.

నిద్ర పట్టగానే గొంతులోని కండరాలు వదులవుతాయి. స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో అవి మరీ వదులై, నాలుక కూడా వెనక్కి జారి గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పెద్ద గుర్రుతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. జబ్బు ముదిరినవారికి రాత్రంతా ఇదే వరస, వందలసార్లు. పొద్దున లేచాక వాళ్లకు ఇందులో ఒక్కటీ గుర్తుండదు. మన ఇళ్లలోనేమో గురకను గాఢనిద్రకు గుర్తుగా లెక్కేసి, నవ్వుకుని వదిలేస్తాం. అసలు నిద్రలేనిది ఆ గురక పెట్టేవాళ్లకేనని వైద్యలోకానికీ చాలాకాలం తెలియలేదు. నిద్రలో ఊపిరి ఇలా ఆగిపోవడాన్ని ఫ్రాన్స్‌లో మార్సెయ్ వైద్యులు, జర్మనీలో ఫ్రైబుర్గ్ వైద్యులు పరికరాల మీద నమోదు చేసి ప్రకటించింది 1965లో.

ముక్కులోకి గాలి ఊదాలన్న ఆలోచన మాత్రం అంతకంటే పాతది, దాని పుట్టుక గురకతో సంబంధం లేనిది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన రోగులకు మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపించి చూశారు లండన్ వైద్యుడు పౌల్టన్. 1936లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు రాశారు. గాలి ఊదడానికి ఆయన వాడింది ఇళ్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్.

తర్వాత అదే సూత్రం ఆకాశంలో అవసరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో 40,000 అడుగులు దాటి ఎగిరే పైలట్లకు నూటికి నూరుపాళ్లు ఆక్సిజన్ ఇచ్చినా చాలేది కాదు. అక్కడ గాలి ఒత్తిడే అంత తక్కువ. దానికి అమెరికాలోని రైట్ ఫీల్డ్ వైమానిక ప్రయోగశాలలో గాగీ అనే శాస్త్రవేత్త, ఆయనతోటివారు ఒక దారి కనిపెట్టారు. బిగుతైన మాస్కులోంచి ఆక్సిజన్‌ను ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి నెట్టడం. అంటే ముక్కుకి మాస్కు కట్టుకుని గాలి నెట్టించుకునే పద్ధతి పడకగదిలోకి రాకముందే విమానం ఎక్కేసింది.  1971లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు జార్జ్ గ్రెగరీ, నెలలు నిండక పుట్టి ఊపిరందని పసికందులకు ఇలాంటి ఒత్తిడినే ఇచ్చి బతికించి చూపించారు.

గురక రోగుల వంతు వచ్చేసరికి 1980 అయింది. అప్పటిదాకా జబ్బు ముదిరినవారికి గట్టిగా పనిచేసే వైద్యం ఒక్కటే. మెడ ముందు భాగంలో రంధ్రం చేసి గొట్టం అమర్చడం. పగలు దాన్ని మూసుకోవాలి, రాత్రి తెరుచుకోవాలి. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన కాలిన్ సలివన్ అంతకుముందు టొరంటోలో కుక్కల మీద నిద్రలో ఊపిరి తీరును పరిశోధించిన మనిషి. కుక్కల మూతికి సరిపోయే మాస్కులు చేయడం ఆయనకు అలవాటైన పనే. 1980 జూన్‌లో, గొంతుకు రంధ్రం వద్దని బతిమాలుకున్న ఒక రోగికి ముక్కు మీద మాస్కు పెట్టి, మోటారుతో గాలి ఊది చూశారు. ఒత్తిడి పెంచితే ఊపిరి నిలకడగా సాగింది, తగ్గిస్తే మళ్లీ ఆగింది. పెంచీ తగ్గించీ రూఢి చేసుకున్నాక రోగిని అలాగే నిద్రపోనిచ్చారు. ముడుచుకుపోయిన సైకిల్ ట్యూబులోకి గాలి కొడితే గోడలు విడివడతాయే, గొంతులో జరిగిందీ అదే. 1981 ఏప్రిల్‌లో లాన్సెట్‌లో అచ్చయిన వ్యాసంలో ఉన్నది ఐదుగురు రోగులే. వాళ్లకు చాలిన ఒత్తిడి నీటిమట్టం లెక్కలో నాలుగున్నర నుంచి పది సెంటీమీటర్లు.

ఆ తొలి మిషన్లలో మోటారు మళ్లీ వాక్యూమ్ క్లీనర్‌దే. పౌల్టన్ పని గుర్తుండే చేశారో, చేతికందింది వాడారో గానీ, ఇల్లు ఊడ్చే సామాను వైద్యానికి రెండోసారి పనికొచ్చింది. రోగి ముక్కు అచ్చు తీసి ఫైబర్‌గ్లాస్‌తో మాస్కు పోతపోసేవారు. రోజూ రాత్రి దాన్ని జిగురుతో మొహానికి అంటించుకోవాలి, పొద్దున పీక్కోవాలి. మోటారు మోతో మోత. దాన్ని పట్టుకుని విమానం ఎక్కడమన్న ఊహే అప్పుడెవరికీ రాదు. 1985లో అమెరికాలో రెస్పిరోనిక్స్ సంస్థ అమ్మకానికి తెచ్చాకా, 1989లో సలివన్ పరిశోధన ఆధారంగా సిడ్నీలో ఇప్పటి రెస్‌మెడ్ పుట్టాకా కూడా ఇది మంచం పక్కన బల్ల మీద ఉండే వస్తువే.

దాన్ని చంకన పెట్టుకుని విమానమెక్కినవారికి మొదట ఎదురైన చిక్కు కంటికి కనిపించేది కాదు. విమానం 35,000 అడుగుల్లో ఉన్నా లోపలి గాలిని మనం 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత ఒత్తిడికి మించి పలచబడనివ్వరు. కానీ ఆ మాత్రానికే గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే పాతిక శాతం దాకా తగ్గిపోతుంది. ఫ్యాను పుట్టించే ఒత్తిడి గాలి సాంద్రతను బట్టే ఉంటుంది. నేల మీద పది సెంటీమీటర్లు ఇచ్చే ఫ్యాను అదే వేగంతో తిరిగితే పైన ఏడున్నరే ఇస్తుంది. మిషను నడుస్తూనే ఉంటుంది, మాస్కు మొహాన ఉంటుంది, గొంతు మాత్రం మూసుకుంటుంది. పాత మిషన్లలో ఎత్తును బట్టి సెట్టింగు మార్చుకోవాల్సి వచ్చేది. ఒత్తిడిని క్షణక్షణం కొలిచి ఫ్యాను వేగాన్ని తనే సర్దుకునే మిషన్లు వచ్చాక ఆ బెడద పోయింది. నా దృష్టిలో ఈ పెట్టె నిజంగా ప్రయాణానికి పనికొచ్చింది అప్పుడే. బరువు తగ్గడం, రంగులు మారడం ఆ తర్వాతి ముచ్చట్లు.

రెండో చిక్కు కరెంటు. మొదట్లో కొన్ని విమానాల్లో సీటుకు 15 వోల్టుల డీసీ సాకెట్ ఉండేది. దానికి వేరే అడాప్టరు, అది ఉందా లేదా అన్న బెంగ. మామూలు ప్లగ్గు పట్టే సాకెట్లు వచ్చాక కూడా చాలాచోట్ల ఒక సీటుకు 75 వాట్ల దగ్గరే పరిమితి. మిషనుకు తగిలించే తేమ తొట్టి నీటిని వేడిచేయడం మొదలుపెడితే ఆ గీత దాటిపోవచ్చు, సాకెట్ ఆగిపోవచ్చు. తొట్టి తీసేద్దామా అంటే విమానంలో గాలి ఎడారిలా పొడి. తేమ 20 శాతం కూడా ఉండదు, తెల్లారేసరికి ముక్కు మండిపోతుంది. పైగా తొట్టిలో నీళ్లు పోసుకుని కూర్చుంటే కుదుపుల్లో అవి మిషన్లోకి ఒలుకుతాయి. 2017లో రెస్‌మెడ్ తెచ్చిన ఎయిర్‌మినీ బరువు 300 గ్రాములే. నీళ్లు అక్కర్లేదు. మనం వదిలే ఊపిరిలోని తేమనే ఒక చిన్న బిళ్ల పట్టి ఉంచి, పీల్చే గాలికి తిరిగి ఇస్తుంది.

ఇక రూల్స్. లిథియం బ్యాటరీ 100 వాట్‌అవర్ల లోపైతే అడగక్కర్లేదు, 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి, విడి బ్యాటరీలు సూట్‌కేసులో వేయకూడదు, చేతిసంచీలోనే ఉండాలి. అసలు మిషనునే ఎక్కనివ్వాలా వద్దా అన్నది ఒకప్పుడు ఏ సంస్థకు ఆ సంస్థ తేల్చుకునేది. అమెరికా రవాణా శాఖ 2008లో ప్రకటించి 2009 మే నుంచి అమలు చేసిన నిబంధనలతో, విమానంలో వాడటానికి పరీక్షించి ముద్ర వేసిన సీపాప్‌ను వాడుకోనివ్వక తప్పదు. దాన్ని చేతిసంచీల లెక్కలోనూ కలపకూడదు. అమెరికాలో దిగే, అక్కడ ఎక్కే విదేశీ విమానాలకూ ఇది వర్తిస్తుంది. పిల్లల దగ్గరికి డల్లాస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే మన పెద్దవాళ్లకు అక్కరకొచ్చేది ఇదే. కాకపోతే దోహా మీదుగా వెళ్తే, హైదరాబాద్ నుంచి దోహా దాకా ఉన్న మొదటి అంచెకు కాదు, అక్కడి నుంచి అమెరికా వెళ్లే రెండో అంచెకు.

విచిత్రం ఏమిటంటే, ఎకానమీ సీటులో నిటారుగా కూర్చుని కునికేవాడికి చాలామటుకు గొంతు మూసుకోవడం కాస్త తగ్గుతుంది, నాలుక అంతగా వెనక్కి జారదు కాబట్టి. లక్షలు పోసి బిజినెస్ క్లాసులో వెల్లకిలా పడుకున్నవారికి ఇంట్లో పడ్డ అవస్థంతా అక్కడా తప్పదు. దానికి తోడు ఉచితంగా పోసే వైన్ ఒకటి. మద్యం గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. నిద్రమాత్రల్లో కొన్నిటి పనీ అంతే.

అమెరికా నిబంధనల్లో ఇంకో మెలిక కూడా ఉంది. మిషను వాడుకోనివ్వాలన్నారు గానీ, దానికి కరెంటు ఇవ్వాలని మాత్రం అనలేదు. పైపెచ్చు ప్రయాణం ఎంతసేపైతే దానికి ఒకటిన్నర రెట్లు నడిచే బ్యాటరీలు తెచ్చుకోమని, 48 గంటల ముందే చెప్పమని సంస్థలు అడగవచ్చు. పదిహేను గంటల ప్రయాణానికి ఇరవై రెండున్నర గంటల బ్యాటరీ. చాలామంది బరువుకు జడిసి ఒక్కటే తెచ్చుకుంటారు, తేమ తొట్టి ఇంట్లో వదిలేస్తారు, భోజనాలయ్యాక లైట్లు ఆర్పినప్పటి నుంచి టిఫిన్లు తెచ్చేదాకా ఉన్న ఆ కొన్ని గంటలకే మిషను ఆన్ చేస్తారు.